తేలిగ్గ లేసిన పెట్టె

మందమర్రి మూడో లైనుల నల్లా పొద్దుగాల ఆరింటికి వస్తే ఆరున్నరకు బందయ్యేది. ఇరవై నాలుగు క్వార్టర్లకు ఒక్కటే నల్లా. ఆ అర్ధగంటల తాగే నీళ్లు, వండే నీళ్లు, తానం నీళ్లు అన్నీ పట్టుకోవాలె. ఇగ అక్కడి లొల్లి చెప్పుడెందుకు, లైన్లల్ల పుట్టి పెరిగినోళ్లకు ఎర్కే.

అయితే లొల్లి షురూ కాకముందు ఆడోళ్లు ఒక పని చేసేటోళ్లు. మొదటి బిందె నిండంగనే ఎవరో ఒకరు ఒంటిచేత్తోటి లేపి చూసేటోళ్లు. అల్కగ లేసిందా, రిబ్కమ్మ బిడ్డ ఇయ్యాల మంచిగున్నది. భుజం గుంజిందా, దెబోరాకు ఏదో కిరికిరైంది. ఆ పిల్ల మనసు నెమ్మదిగుంటే లైనుల బరువులన్నీ తేలికైతయి, మనసు చెడితే గ్లాసెడు నీళ్లు సుత బరువైతయి. పుట్టినకాంచి గంతే. లైనోళ్లు మబ్బు చూసుకొని బట్టలు ఎండేసుకున్నట్టు, బిందె చూసుకొని పనులు పెట్టుకునేటోళ్లు.

"ఓ రిబ్కమ్మా!" అని పక్క క్వార్టరు కనకవ్వ గోడ మీదికెల్లి కేకేసేది. "పొల్లకేమైందే? నా బిందె నేలకు అంటుకపోయింది."

"కొత్త చెప్పులు తెచ్చినం కనకవ్వా. పాతయి పారేసినమని కోపం. జర ఓర్సుకో, తొమ్మిదింటి వరకు దారికస్తది."

"నువ్వు ఓర్సుకోమంటవు. మా ముసలాయన మొదటి షిఫ్టుకు పోవాలె, తానానికి నీళ్లేవి?"

"చెంబు చెంబు తీస్కపో."

కనకవ్వ తిట్టుకుంట చెంబు చెంబు మోసుకునేది. ఆ తిట్లు కొత్త చెప్పులకే గని పిల్లకు గావు. పిండి గిర్నికి పోవుడు, బీరువా జరుపుడు, మంచాలు ఎండకేసుడు అసొంటివన్నీ ఆమె సుత అందరి తీరుగనే దెబోరా మంచిగున్న రోజుకు ఆపుకునేది. ఒకసారి కంపెనీ మనుషులు ఎవరికీ చెప్పకుండ వచ్చి లైనంతా పచ్చ సున్నం కొట్టి పోయిండ్రు. దెబోరాకు తెల్లగోడలు అలవాటు. మూడు రోజులు లైనుల రొట్టె ముక్క నోటిదాంక పోవుడే కష్టమైంది. నాలుగోనాడు మొగోళ్లే చందాలేసుకొని తెల్ల సున్నం తెచ్చి రిబ్కమ్మ ఇంటికి కొట్టిండ్రు.

దెబోరాకు పందొమ్మిదేండ్లు. మనిషి మొఖం దిక్కు చూడది. పిలిస్తే పలుకది, పలికితే రెండు ముక్కలు. చింతగింజలు పెద్దయి చిన్నయి వరుసల పెట్టుకుంట పొద్దంతా కూసుంటది. పన్నెండున్నరకు అన్నం పెట్టాలె, పన్నెండు నలభై అయితే ఇల్లు అల్లకల్లోలమే. వరంగల్ల పెద్ద డాక్టరు మందబుద్ధి అని కాగితం రాసిచ్చిండు. రిబ్కమ్మ ఆ కాగితాన్ని బస్సులనే చింపి కిటికీల నుంచి పడేసింది. "నా బిడ్డె తీరే గంత" అన్నది. ఇంకో పేరు ఆమెకు అక్కెర పడలే. రేపు ఏం జరుగుతదో ఇయ్యాల మూడుసార్లు చెప్పాలె, గట్టిగ పట్టుకోవద్దు, నవ్వినప్పుడు ఎందుకు నవ్వుతున్నవని అడుగొద్దు. ఇవన్నీ తల్లికి ఎర్కే.

తండ్రి సమ్మయ్యకు గంత ఎర్క లేదు. బొగ్గుబాయిల ఆయనది తట్ట చెమ్మస్ పని. చెమ్మస్‌ అంటే పెద్ద పార. దాంతోటి తట్టల బొగ్గెత్తుడు, తట్ట మోసుడు, పట్టాల మీది టబ్బుల పోసుడు. ఇరవై రెండేండ్ల సర్వీసు. తట్ట చేతికి అందంగనే దాంట్ల ఎన్ని కిలోలున్నయో చెప్పేటోడు, కాంటా పెట్టి చూస్తే అర కిలో అటో ఇటో, గంతే. ఆ ఒక్క ముచ్చట్ల మాత్రం ఆయనకు మస్తు గర్వం. బిడ్డె సంగతి రిబ్కమ్మ చూసుకుంటది, బరువుల సంగతి నేను చూసుకుంట అన్నట్టు బతికిండు.

ఎనభై ఐదుల ఎండలు ముదిరినప్పుడు రిబ్కమ్మకు పచ్చకామెర్లైనయి. చెట్టుమందు తాగింది, దవాఖానల సూదులేయించుకున్నది, తొమ్మిదో రోజు, బేస్తారం, పొద్దు ఎక్కంగనే పానం ఇడిసింది. ఆఖరికి సమ్మయ్య చెయ్యి పట్టుకొని ఏదో చెప్పబోయింది గని మాట రాలే.

లైనంతా ఇంటి ముందటికి వచ్చింది. ఆడోళ్లు గొంతెత్తి ఏడుస్తుండ్రు. చర్చి సంఘపోళ్లు వచ్చి పాట అందుకున్నరు. సమ్మయ్య గోడకు ఆనుకొని కూసున్నడు. ఆయనకు ఏడుపు వస్తలేదు. బిడ్డె వచ్చి పక్కన కూసుంటే, ఆమె ఏడుస్తే, తనకు సుత ఏడుపొస్తదేమోనని చూస్తుండు.

దెబోరా వచ్చింది. నడుమల నిలబడ్డది. గోడ గడియారం దిక్కు చూసింది.

"పన్నెండున్నర అయింది" అన్నది. "అన్నం."

ఒక్కసారి ఏడుపులాగినయి. దెబోరా మళ్ల అన్నది, ఇంకా గట్టిగ, "అన్నం పెట్టాలె. పన్నెండున్నర."

కనకవ్వ కండ్లు తుడుసుకొని లేసి, "దా బిడ్డా, మా ఇంట్ల పెడ్త" అని తీస్కపోయింది. ఎన్కనుంచి ఎవరో సన్నగ అన్నరు. "తల్లి శవం ముందట అన్నం అడిగింది సూడు. గది మనిషేనా, రాయా?" ఆ మాట సమ్మయ్య చెవుల పడ్డది.

ఇగ మొగోళ్ల ఫికర్ వేరే ఉన్నది. చెప్పులు మారిస్తేనే బిందె లేవది, తల్లి పోతే శవం పెట్టె ఎట్ల లేస్తది? సమ్మయ్య జోడీదారు రాజయ్య, ఇద్దరిది ఒక్కటే టబ్బు, ముందే సోంచాయించి పన్నెండుమందిని నిలబెట్టిండు. మోకులు తెచ్చిండు. పెట్టె కిందికి దుంగలు సుత తెప్పించిండు. చర్చి అయ్యగారు ప్రార్థన చేసినంక పన్నెండుమంది చేతులు కింద పెట్టి, "ఊఁ!" అని ఒక్కసారి ఊపిరి పట్టి లేపిండ్రు.

పెట్టె ఎగిరొచ్చింది. గంత తేలిక. నలుగురు తూలి ఎన్కకు పడబోయిండ్రు. లోపల మనిషి ఉన్నదా లేదా అని రాజయ్యకు అనుమానమొచ్చి మూత దిక్కు చూసిండు. అటెన్క సమ్మయ్య దిక్కు చూసి చప్పున తల దించుకున్నడు. బరువు తగ్గిందంటే పిల్ల సంతోషంగ ఉన్నట్టు. పందొమ్మిదేండ్ల సంది లైనోళ్లకు తెలిసిన లెక్క అదొక్కటే.

సమాధుల తోట దాంక దెబోరా పెట్టె పక్కపొంటనే నడిచింది. ఒక్క వేలు చెక్కకు ఆనిచ్చి, మొఖం పక్కకు తిప్పి, తిన్నగ నడిచింది. ఒక్క చుక్క నీళ్లు రాలే. సమ్మయ్యకు ఆ వేలు చూస్తే ఒళ్లు మండింది. ఆటనా ఇది అనుకున్నడు.

మట్టి పోసి వచ్చినంక ఇంట్ల నిలబడలేకపోయిండు. కాళ్లు కడుక్కుందామని బకీటు లేపితే ఖాళీ డబ్బా లెక్క లేసొచ్చింది. రిబ్కమ్మ ఇనుప పెట్టె, పెండ్లినాడు ఇద్దరు మోసిన పెట్టె, ఒక్క వేలికి కదిలింది. మరునాడు గంతే. మూడోనాడు గంతే. బియ్యం సంచి, రుబ్బురోలు, మంచం అన్నీ పిట్టబరువు. లైన్ల ఆడోళ్లు అల్కగ నీళ్లు మోసుకుంటుండ్రు గని ఒక్కరు సుత సంబురపడలే. నల్లా కాడ లొల్లి సుత బందైంది.

సమ్మయ్యకు ఒక్క తీరు కూసుండ పానం పడుతలేదు. ఇంట్లకు వస్తడు, చెప్పులు ఇడుస్తడు, మళ్ల తొడుక్కుంటడు, బయటికి పోతడు. లైను ఈ కొసకెల్లి ఆ కొసకు తిరుగుతడు. బాటల ఈ మధ్యన గుంతలు పడ్డయి, రెండుసార్లు కాలు పడి బోర్ల పడబోయిండు. నీళ్ల పైపు కోసం తవ్విండ్రేమో అనుకున్నడు. బజారుకు పోతడు, ఎందుకొచ్చిండో మర్చిపోయి తిరిగొస్తడు. సెలవు ఇంకా నాలుగు రోజులుండంగనే బాయికి పోయిండు. ఎందుకంటే దెబోరా పక్కన ఉంటే తప్ప ఆమె మనసు లైను దాటి పోదు, బాయిల తట్ట బరువు తట్ట బరువే. అక్కడ బొగ్గెత్తుతుంటే నడుం గుంజేది, భుజాలు గుంజేది, జరసేపు పానం నిమ్మళమయ్యేది. ఓవర్‌టైం దొరికితే అది సుత చేసిండు.

"ఇంటికి పోవా?" అని రాజయ్య అడిగిండు.

"పోయి ఏం చెయ్యాలె? ఇల్లంతా దూది లెక్కున్నది."

"పిల్లను అడగరాదురా, ఏమైందని."

"అడుగుడేంది? తల్లి పోయిన దుఃఖం లేదు దానికి. బిందె చెప్తుంది గద. నోటితోటి అబద్ధమాడొచ్చు గని బిందె ఎట్లాడుతది?"

రాజయ్య తట్ట ఎత్తుకొని టబ్బు దిక్కు పోయిండు.

పదహారోనాడు ఇంట్ల ఆదరణ కూడిక పెట్టిండ్రు. పాటైనంక, వాక్యమైనంక, పోయినామె గురించి తలా ఒక మాట చెప్పుడు సంఘపోళ్ల అలవాటు. కనకవ్వ సంఘం మనిషి గాకపోయినా లేసి, రిబ్కమ్మ తన కాన్పుకు ఎట్ల చేసిందో చెప్పి ఏడ్చింది. ఇంకొకామె చెప్పింది. ఇగ బిడ్డెతోటి సుత ఒక మాట చెప్పియ్యాలని అయ్యగారు మంచి మనసుతోటే పిలిచిండు. దెబోరా లేసి నిలబడి, దర్వాజ కడప దిక్కు చూసుకుంట షురూ చేసింది.

"అవ్వ నాలుగున్నరకు లేస్తది. చాయ్ పెడ్తది. బాపుది మొదటి షిఫ్టైతే రొట్టె చేస్తది, రెండో షిఫ్టైతే అన్నం వండుతది. ఆరింటికి నల్లా కాడికి పోతది. బిందె కుడిచంకల పెడ్తది. వచ్చేటప్పుడు పాట పాడ్తది, రెండు చరణాలు. ఏడింటికి నాకు జడేస్తది. ముద్దు పెడితే నాకు నచ్చది. దువ్వెనకు ముద్దు పెట్టి నాకిస్తది. ఏడుంబావుకు..."

దువ్వెనకు ముద్దు అన్న కాడ ఎవరో కిసుక్కున నవ్విండ్రు. పక్కనోళ్లకు సుత నవ్వు అంటుకున్నది. సమ్మయ్యకు తల తీసేసినట్టైంది.

"చాలు! కూసో!" అని గద్దించిండు.

దెబోరా ఆగింది. చేతులు ఒకదాన్నొకటి నలిపింది. నడుమల ఆగిన పనిని మొదటికెల్లి చెయ్యాలె, ఆమె తీరు గది. "అవ్వ నాలుగున్నరకు లేస్తది" అని మళ్ల ఎత్తుకున్నది. సమ్మయ్య లేసి బయటికి పోయిండు. లోపలికెల్లి ఆ గొంతు అదే తీరుగ, ఎత్తు లేదు పల్లం లేదు, ఇనబడుతనే ఉన్నది. చెవులు మూసుకొని లైను కొసదాంక నడిచిండు.

ఆయన ఎనకనే లూదియమ్మ వచ్చింది. సమ్మయ్యకు పెద్దక్క, చొప్పదండి దగ్గరిచ్చిండ్రు. తల్లి లేని తమ్మున్ని చంకల మోసి పెంచినామె.

"తమ్మీ, నా మాటిను. నువ్వు మూడు షిఫ్టుల మనిషివి. పందొమ్మిదేండ్ల పిల్లను ఇంట్ల ఒక్కదాన్నిడిసి ఎన్ని దినాలు పోతవు? కరీంనగర్ అవతల ఒక హోమున్నదట. ఇసొంటి పిల్లల్ని పెట్టుకుంటరు. వంటకు వార్పుకు మనుషులున్నరు. నేను మాట్లాడొచ్చిన."

సమ్మయ్య కాలితోటి మొరం గీక్కుంట నిలబడ్డడు.

"నేనే తీస్కపోయి పెట్టుకుందు గని..." లూదియమ్మ గొంతు తగ్గించింది. "నిజం చెప్తున్నరా, నాకు భయమైతుంది. తల్లి శవం ముందట నిలబడి అన్నం అడిగింది. రేపు నేను పోతే నా బిడ్డలు ఏడుస్తుంటే ఇది నవ్వుతదేమో."

"ఏమో అక్కా" అన్నడు సమ్మయ్య. "నాకు సుత తెలుస్తలేదు. నా ఇంట్లనే ఉన్నది, నా పక్కన లేదు. రిబ్కమ్మ పోయిందని నేనొక్కన్నే ఏడ్వాల్నా?"

"నువ్వు సుత ఏడుస్తలేవు గదరా."

"నాకొస్తలేదు."

ఆయన అడ్డం చెప్పలే గనుక లూదియమ్మ సరేనన్నట్టే లెక్కేసుకున్నది. వచ్చే సోమారం జీపు మాట్లాడుకొని వస్తనన్నది.

సోమారం పొద్దున తొమ్మిదింటికి జీపొచ్చింది. సమ్మయ్య బిడ్డెకు ఏం చెప్పలే. రిబ్కమ్మ ఉంటే ముందునాడే మూడుసార్లు చెప్పేది. ఈయనకు ఒక్కసారి చెప్పేందుకు సుత నోరు రాలే. రెండు జతల బట్టలు, దువ్వెన సంచిల పెట్టి, "అత్తతోటి పోదాం దా" అన్నడు. దెబోరా అత్త చీర దిక్కు చూసింది, జీపు దిక్కు చూసింది, పోయి ఎనక ఎక్కి కూసున్నది.

జీపు ఎనక భాగం దబ్బున నేలకు దిగింది. ముందటి చక్రాలు లేసినయి.

"ఏం ఎక్కించిండ్రయ్యా?" అని డ్రైవరు తొంగి చూసిండు. పొట్టి పిల్ల తప్ప ఏం కనబడలే. స్టార్ట్ చేసి గేరేసిండు. ఇంజను మొత్తుకున్నది, చక్రాలు ఉన్నకాడనే తిరిగి మొరం ఎగజిమ్మినయి, జీపు జానెడు జరుగలే. రాజయ్య, ఇంకో ఐదుగురు వచ్చి నెట్టిండ్రు. కాలేదు.

"దిగు బిడ్డా జర" అన్నడు రాజయ్య. దెబోరా దిగంగనే జీపు ఎగిరి నిలబడ్డది. ఎక్కంగనే మళ్ల కుంగింది.

"మొండికేసింది!" అన్నది లూదియమ్మ. "పోనని మొండికేసింది. చూసినవా తమ్మీ, తల్లి పోతే లేని బరువు ఇప్పుడు తెచ్చింది."

సమ్మయ్యకు ఇరవై దినాల కోపం ఒక్కసారే లేసింది. జీపు కాడికి ఉరికిండు. బిడ్డె ఒళ్లె ఉన్న సంచిని గుంజుకొని దూరం ఇసిరిండు. ఆ సంచి గాలికి పోయినట్టు పోయి కనకవ్వ గోడ మీద పడ్డది.

సమ్మయ్య చెయ్యి అట్లనే ఆగింది.

సంచి తేలికనే ఉన్నది. పిల్ల మొండికేస్తే సంచి సుత బరువు కావాలె గద? ఎనక్కి తిరిగి చూసిండు. కనకవ్వ చంకల నిండు బిందె, ఏ కష్టం లేకుండ నిలబడి చూస్తుంది. అది సుత తేలికనే. లైనంతా తేలికుండి ఒక్క జీపే కుంగుడేంది? తట్ట పట్టి బరువు చెప్పే మనిషికి లెక్క కుదురలే. జీపు ఎక్కి, చంటిపిల్ల అప్పుడు లేపినట్టు బిడ్డె చంకల కింద చేతులు పెట్టిండు. గట్టిగ పట్టుకుంటే ఆమెకు నచ్చదని యాదికొచ్చి పట్టు సదలిచ్చిండు. అటెన్క లేపిండు. ఊపిరి బిగబట్టి, నడుం కట్టుకొని, ఇరవై రెండేండ్ల సర్వీసుతోటి లేపిండు.

దెబోరా వెంట్రుకంత లేవలే.

"ఓ దేవుడా" అన్నడు. ఇంత బరువు ఆయన జన్మల పట్టలే.

కిందికి దిగి తల దించుకుంటే బాట కనబడ్డది. మొరం పోసి రోలరు తొక్కిచ్చిన బాట, పార ఏస్తే ఖంగుమనే బాట. గడప కాడికెల్లి జీపుదాంక చీలమండ లోతున అడుగులు దిగబడి ఉన్నయి. సన్నపాటి పాదాలు, ఐదు వేళ్లు కనబడుతున్నయి. సమ్మయ్య వాటి ఎనక నడిచిండు. పాతయి ఇంకా ఉన్నయి. నల్లా కాడికి, కనకవ్వ ఇంటికి. ఇన్ని దినాల సంది ఆయన కాలుపడ్డ గుంతలు అవే. బాట వెంబడే పోయిండు, ఉరికిండు. చర్చి సందు మలుపుల, సమాధుల తోట దారి పొడుగునా అవే పాదాలు. పెట్టె మోసిన పన్నెండుమందివి ఒక్కరి గుర్తు సుత లేదు. పెట్టె పక్కపొంటి నడిచిన ఒక్క మనిషివే జానెడు లోతు దిగినయి.

సమ్మయ్య తిరిగొచ్చేసరికి ఆయన అంగి చెమటకు తడిసి ఒంటికి అంటుకున్నది. దెబోరా జీపుల అట్లనే కూసుండి వేళ్లు లెక్కబెట్టుకుంటుంది. ఆయన ఎదురుంగ నిలబడలే, పక్కన నిలబడ్డడు. ఆమెకు గట్లైతేనే మాట వస్తదని ఎట్లనో తోచింది.

"బిడ్డా. ఎప్పటిసంది మోస్తున్నవు?"

"అవ్వ పోయిన బేస్తారం సంది" అన్నది దెబోరా.

"అంతా నువ్వే పట్టుకున్నవా? లైనుకు ఇడువలే?"

"ఇడువలే."

"ఎందుకే?"

దెబోరా సోంచాయించింది. ఇంత పెద్ద మాట ఆమెను ఎవరూ అడుగలే.

"అందరు ఏడుస్తుండ్రి" అన్నది. "ఏడిస్తే చేతులతోటి కండ్లు తుడుసుకుంటరు. చేతులు ఖాళీ ఉండయి. బిందెలు బరువైతే ఎట్ల మోస్తరు? అవ్వ పెట్టె ఎట్ల మోస్తరు? పడేస్తరు. అవ్వకు దెబ్బ తాకుతది."

కనకవ్వ చంకల బిందె కింద పెట్టి కొంగు నోట్ల కుక్కుకున్నది.

"మరి నాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"నువ్వు అడుగలే" అన్నది దెబోరా. కోపంగ అనలే. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

సమ్మయ్య జీపు అంచు పట్టుకొని నిలబడ్డడు. ఇరవై దినాలు ఒక్కటే ఇంట్ల తిరిగిండ్రు. ఆకలైతుందా అని అడుగలే, నిద్ర పట్టిందా అని అడుగలే, ఎట్లున్నవని అడుగలే. బిందెను అడిగిండు. బిడ్డెను అడుగలే.

"నాకియ్యి" అన్నడు.

"ఎంత?"

"ఎంతుంటె గంత."

"నువ్వు మొయ్యలేవు."

"మోస్త బిడ్డా. మొయ్యకపోతే కింద పడ్త. పడితే మళ్ల లేస్త. నువ్వైతే ఇయ్యి."

దెబోరా ఆయన భుజం మీద ఒక్క వేలు ఆనిచ్చింది, గంతే. సమ్మయ్య మోకాళ్లు మడిసి ఉన్నకాడనే మొరంల కూలబడ్డడు. చేతులు లేస్తలేవు, తల లేస్తలేదు. "రిబ్కమ్మా" అని ఒక్క కేక పెట్టిండు. ఆ కేక లైను కొసదాంక ఇనబడ్డది. అటెన్క చిన్నపిల్లగాని తీరుగ, ముక్కు కారంగ, సిగ్గు లేకుండ ఏడ్చిండు. దెబోరా ఆయన మొఖం చూడలే. జీపు దిగి, ఆయనకు జానెడు దూరంల, మొరం మీదనే కూసున్నది.

ముందుగాల కనకవ్వ వచ్చింది. "నాకు సుత జర ఇయ్యవే పొల్లా" అని భుజం చూపిచ్చింది. ఇచ్చిందేమో, అమ్మో అని నడుం పట్టుకొని ఆమె సుత కూసున్నది. రాజయ్య వచ్చిండు. "నాది జోడీదారు వాటా" అన్నడు. చెయ్యి కడుక్కొని ఒకామె వచ్చింది, పొయ్యి మీద కూర దించి ఇంకొకామె వచ్చింది. కూడిక నాడు నవ్వినామె సుత వచ్చింది, తల ఎత్తలేక నిలబడ్డది. దెబోరా అందరికి ఒక్క తీరుగ వేలు ఆనిచ్చింది. మూడో లైనంతా రోడ్డు మీద కూసుండి ఏడ్చింది.

ఆఖరుకు లూదియమ్మ మిగిలింది. జీపు మెట్టు మీద కూసుండి చేతులు ఒళ్లె పెట్టుకున్నది.

"నాకిస్తవా బిడ్డా? నిన్ను హోముకు పంపుదామనుకున్నదాన్ని."

"నువ్వు అవ్వకు వదినెవు" అన్నది దెబోరా. "నీకు సుత ఉన్నది."

లూదియమ్మ చాన సేపు ఏడ్చింది. అటెన్క చీర చెంగుతోటి మొఖం తుడుసుకొని డ్రైవరు దిక్కు తిరిగింది. "నువ్వు పోవయ్యా. మేము రాము" అన్నది. జీపు ఖాళీగ, అల్కగ పోయింది. లూదియమ్మ పోలే. పిల్లకు ఏ యాళకు ఏం కావాల్నో కనకవ్వను అడిగి తెలుసుకొని, తమ్మునిది రాత్రి షిఫ్టు పడ్డ వారం తను వచ్చి ఉండేతట్టు మాట్లాడుకొని, నాలుగోనాడు బస్సుకు పోయింది.

ఆ నాలుగు దినాలు సమ్మయ్య ఇంటి నుంచి కదలలే. బిడ్డె పక్కన కూసున్నడు. పొద్దున ఒకసారి, పొద్దుగూకంగ ఒకసారి, "ఎట్లున్నవు?" అని అడిగిండు. ఆమె కొన్నిసార్లు చెప్పింది, కొన్నిసార్లు చెప్పలే. చెప్పకపోతే మళ్ల అడిగేదాంక ఊకున్నడు.

అయిదోనాడు బిడ్డెను కనకవ్వకు అప్పజెప్పి మొదటి షిఫ్టుకు పోయిండు. బాయిలకు దిగే కాడ రాజయ్య ఆయన నడక చూసిండు. కుడి భుజం ఒంగి ఉన్నది. అడుగు తీసి అడుగేస్తే బూట్ల కింద రాయి నలుగుతుంది.

"ఏందిరా, ఇంకా మోస్తున్నవా? లైను దాటితే బరువుండది గద. ఇక్కడ దించిపెట్టి, పోయేటప్పుడు ఎత్తుకో."

"దించుతే దిగుతది" అన్నడు సమ్మయ్య. "నేనే దించలే."

"ఎందుకురా మరి?"

"రిబ్కమ్మదిరా. ఇరవై దినాలు నా వాటా నా బిడ్డె మోసింది."

రాజయ్య జరంత పక్కకు జరిగి, ఆయన ఒంగిన దిక్కు నిలబడ్డడు. ఇద్దరు నెత్తిమీది దీపాలు ఎలిగిచ్చుకొని బాయిలకు దిగిండ్రు.